నొప్పి లేని గడ్డ

ఫిబ్రవరి 2, ఆదివారం. పెనుకొండ

ఆరాధన అయ్యాక నర్సు కౌసల్యమ్మ నా భార్య ప్రేమలత మెడ తడిమింది. నిమ్మకాయంత గడ్డ. గట్టిగా ఉండాది, మూడు వారాలు దాటినా తగ్గలేదు, రేపే హిందూపురం ఆసుపత్రికి పోండన్నా అంది. నేను పాస్టర్‌గా ఉన్న మందిరంలో నిలబడి ఆ మాట! బైబిల్లో ఆసా రాజు దేవుణ్ణి వదిలి వైద్యుల్ని నమ్మి చచ్చాడని అరిచాను. ఆమె బ్యాగు బయటికి విసిరేశాను. బీపీ మిషన్ పగిలింది. పశ్చాత్తాపం లేదు.

ఫిబ్రవరి 9

గడ్డలోని దయ్యాన్ని గద్దించాను. అరచేత్తో మెడ మీద మూడు దెబ్బలు. ప్రేమలత కింద పడింది. నొప్పి ఉందా అని అడిగాను. గడ్డలో లేదయ్యా, నువ్వు కొట్టినచోటే ఉండాది అంది.

నొప్పి లేదు! హల్లెలూయ!

మార్చి 15, ధర్మవరం

మీటింగులో ఆమెతో సాక్ష్యం చెప్పించాను. నొప్పి లేదని మైకులో చెప్పింది. నాలుగు వందల మంది చప్పట్లు.

జాకెట్ ఆమెకు వదులైంది. రాత్రిళ్ళు చెమటకు దుప్పటి తడుస్తోంది. ఇది మైకులో చెప్పనివ్వలేదు.

మే 12, సాయంత్రం 5

బామ్మర్ది క్రాంతి కుమార్ ఆటో తెచ్చాడు. అక్కను ఆసుపత్రికి తీసకపోతాండా, అడ్డం రావద్దు బావా అన్నాడు. ఇనుప కుర్చీ ఎత్తి ఆటో అద్దం పగలగొట్టాను. వాడు జాకీ రాడ్ తీశాడు. నా దవడ మీద పడింది. రెండు పళ్ళు ఊడాయి. నోటినిండా రక్తంతోనే వాణ్ణి శపించాను. ఇప్పుడన్నా నోరు మూయి బావా అంటూ నన్నూ అదే ఆటోలోకి తోశాడు.

మే 13, హిందూపురం

డాక్టర్ ఇద్దరి మెడలూ చూశాడు. నా దవడ కింద కొత్తగా గడ్డ లేచింది. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. దెబ్బకు వాచింది, రెండు వారాల్లో దిగుతుంది, దిగకపోతే రమ్మన్నాడు.

ప్రేమలత గడ్డ నొక్కాడు. నొప్పి లేదు సార్ అంది. ఆయన ముఖం మారింది. అన్ని గడ్డలూ ప్రమాదం కాదమ్మా, కానీ నొప్పి లేకుండా గట్టిపడి పెరిగేదాన్ని అసలు వదలకూడదు, నాలుగు నెలలు ఎందుకు ఆగావని అడిగాడు.

పనుల్లో పడి మర్చిపోయినా సార్ అంది. నా వైపు చూడలేదు.

మే 24

బయాప్సీ రిపోర్ట్. లింఫ్ గ్రంథి కాన్సర్. మందులున్నాయట. ముందే వచ్చుంటే సులువయ్యేదట.

అదే బైబిల్లో హిజ్కియా రాజు పుండుకు మందుగా అంజూరపు ముద్ద కట్టమన్నది సాక్షాత్తూ యెషయా ప్రవక్త. ఇరవైసార్లు చదివాను. ఒక్కసారీ ప్రసంగించలేదు.

ఆమెను కొట్టిన చేతిని రక్తం వచ్చేదాకా గోడకేసి బాదాను. గోడేం చేసిందయ్యా, దాన్ని కొడతాండావు అంది ప్రేమలత.

జూన్ 8, ఆదివారం

ప్రసంగం లేదు. ఆడవాళ్ళ మెడలు నేను పిలిస్తే వచ్చిన కౌసల్యమ్మ, మగవాళ్ళవి నేను తడిమాం. సంఘ పెద్ద ఆదెప్ప మెడలో గడ్డ దొరికింది. ఎన్నాళ్ళుగానో ఉండాది, నొప్పి లేదులేప్పా అని నవ్వాడు.

కాలర్ పట్టుకొని హిందూపురం బస్సు దాకా ఈడ్చాను. తిట్టాడు. నా ముంజేయి కొరికాడు.

వదల్లేదు.