అమ్మమ్మకి వేసిన విస్తరి

రాజమండ్రి,
లేడీస్ హాస్టల్,
సోమవారం.

అమ్మకు,

దుర్గాశ్రీ నమస్కారాలతో రాస్తున్నది. నేనిక్కడ కులాసా. మీరంతా అక్కడ కులాసాగానే ఉన్నారని నాకు తెలుసు, ఎందుకంటే నిన్న నాన్నతో మాట్లాడాను. నానమ్మకి జ్వరం లేదట. తగ్గడం కాదు, అసలు రానే లేదట. "మీ నానమ్మకేంటమ్మా, శుక్రవారం పొద్దున్నే రెండు పెసరట్లు తిని, ఉప్మాలో జీడిపప్పు తక్కువైందని గొడవ పెట్టింది" అన్నారు నాన్న.

ఈ ఉత్తరం నువ్వు పనిచేసే అంగన్వాడీ అడ్రసుకి ఎందుకు పంపుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంటికి పంపితే ముందు నానమ్మ చేతిలో పడుతుంది. ఫోన్ చేద్దామంటే మనింట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నాకు నీ ఒక్కదానితోనే మాట్లాడాలని ఉంది. పిల్లలకి గుడ్లూ పాలూ ఇచ్చి పంపేశాక, తలుపు దగ్గరగా వేసుకుని చదువుకో.

ఆవకాయ సీసాతో పాటు నువ్వు పెట్టిన ఉత్తరంలో చాలా అడిగావు. వరసగా చెబుతాను. అన్నం తింటున్నాను. మెస్సు సాంబారులో ముక్క దొరికిన రోజు పండగే, మిగతా రోజులు నీ ఆవకాయే దిక్కు. రూమ్మేట్ భవ్య భీమవరం వైపు పిల్ల. వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. మనసు మంచిదే, నోరే కాస్త ఎక్కువ, నిద్రలో కూడా మాట్లాడుతుంది. ఫోటోలో నేను చుట్టుకున్న ఎర్ర గళ్ళ బట్ట ఎవరిదని అడిగావు. మిజోరం నుంచి వచ్చిన సీనియర్ అక్కది. వాళ్ళ అమ్మ మగ్గం మీద స్వయంగా నేసిందట. ఇస్త్రీ చేసి తిరిగి ఇచ్చేశాను, బెంగపడకు.

మా ఉత్సవాలేంటో వివరంగా రాయమన్నావు. వారమంతా, రోజుకొక ప్రాంతం వాళ్ళది. పోయిన సోమవారం మిజోరం వాళ్ళు వెదురు కర్రల మధ్య గెంతడం నేర్పించారు. రెండుసార్లు నా కాలు కర్రల మధ్య నలిగింది. టాంజానియా నుంచి వచ్చిన కుర్రాళ్ళు మొక్కజొన్న పిండి గట్టిగా ఉడికించి ముద్దలు చేసి పెట్టారు. చేత్తోనే తినాలన్నారు. ఇంటి నుంచి స్పూన్ తెచ్చుకున్న మా ఇంగ్లీషు మేడమ్ గారు దాన్ని మెల్లిగా బ్యాగులో దాచేసుకున్నారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మన అత్తిలి దాటి ఎరగని దాన్ని, ఒక్క వారంలో ఇంతమందిని చూశాను. ఎదుటివాళ్ళ అలవాట్లు చూసి నవ్వకూడదు, అడిగి తెలుసుకోవాలి అని చిన్నప్పటి నుంచీ నాకు చెప్పింది నువ్వే కదా. అన్ని రోజులూ నిన్నే తలుచుకున్నాను.

ఆఖరి రోజు శుక్రవారం. ఆ రోజు పేరు "మన గోదావరి కొండలు". బోర్డులు రాసే పని నాదని, పోలవరం వైపు పునరావాస కాలనీల నుంచి కొండరెడ్లు వస్తున్నారని నీకు ఫోన్లో ఉత్సాహంగా చెప్పాను. నువ్వు మధ్యలోనే ఫోన్ పెట్టేశావు. సిగ్నల్ పోయిందనుకున్నాను. మూడో రోజుకల్లా ఆవకాయతో నీ ఉత్తరం వచ్చింది, నానమ్మకి జ్వరం, శుక్రవారానికల్లా ఇంటికొచ్చెయ్ అని. నేను రానన్నాను. శుక్రవారం పొద్దుట నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. ఒక్కతివే నానమ్మకి సేవ చేసుకుంటున్నావని జాలిపడ్డాను కూడా. ఎంత తెలివితక్కువదాన్నో చూడు.

కాలనీ నుంచి నలుగురొచ్చారు. డోలు వాయించే ఇద్దరు మగవాళ్ళు, అక్కడి బడిలో పని చేసే చిట్టియ్య మాస్టారు, ఒక ముసలావిడ. ఆవిడ పేరు బుల్లెమ్మ. కట్టెల పొయ్యికి కాలేజీ ఒప్పుకోలేదని గ్యాస్ స్టవ్ ఇచ్చాం. ఆవిడ దాన్ని అనుమానంగా చూస్తూ, గరిట మాత్రం ఆపకుండా తిప్పుతోంది. గిన్నెలో ఉన్నది మామిడి టెంకల పిండితో కాచిన అంబలి. పైన వేలాడుతున్న బోర్డు నేను రాసిందే. ఇంటర్నెట్లో చూసి, "కరువు రోజుల్లో కొండవాసుల ఆకలి తీర్చే తిండి" అని రాశాను. రంగులు బాగా కుదిరాయని అందరూ మెచ్చుకున్నారు కూడా.

"ఏం రాశావమ్మా అక్కడ?" అని అడిగింది ఆవిడ. చదివి వినిపించాను.

"కరువుకి కాదు తల్లీ. ఇష్టమై తింటాం. వానల్లో వేడివేడిగా తాగితే ఎంత బాగుంటుందో," అని ఒక దొప్పలో పోసి నా చేతికిచ్చింది.

భవ్య పక్కనే ఉంది. "తాగవే, ఫొటో తీస్తాను. తాగి బతికితే నేనూ తాగుతాను," అంది. నేను నవ్వాను అమ్మా. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో ఏదీ దాచకూడదని కూర్చున్నాను. నవ్వి, తాగాను.

అది నా కడుపునొప్పి మందు.

ఒక్క గుక్కకే తెలిసిపోయింది. ఎన్ని వేసవులు చూశాను. మనం తిన్న టెంకలు ఒక్కటి పారేయనిచ్చేదానివి కాదు. డాబా మీద ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి దంచి, ఆ పిండిని పాత వాయిల్ చీర ముక్కలో మూటగట్టి, వెనక పంటకాలువ రేవులో రాయికి కట్టి పారే నీళ్ళలో వదిలేదానివి. ఏంటమ్మా ఇది అంటే, వగరు పోవాలి, కడుపుకి మందు అనేదానివి. నానమ్మ ముక్కు చిట్లించుకునేది. మన ఊళ్ళో ఇంకెవరూ ఎందుకు చేయరని నేను అడగనే లేదు.

"ఎలా చేస్తారండీ?" అని అడిగాను. ఆవిడ చెబుతుంటే తర్వాతి మాట నాకు ముందే తెలిసిపోతోంది. పారే నీళ్ళలో మూడు రోజులు. రోజూ మూట పిసికి చూడాలి. "మా పిల్ల ఉండేది. మూట కట్టడంలో దిట్ట. రెండు ముళ్ళేసి, మూడోది వెనక్కి తిప్పేది. గోదారి పొంగి వాగులోకొచ్చినా ఊడేది కాదు," అంది. నువ్వు నాకు బూట్ల లేసులు కట్టడం నేర్పింది కూడా అలాగే.

చిట్టియ్య మాస్టారు పాత ఫోటోలు అట్టకి అతికించి తెచ్చారు. వాటిలో ఆశ్రమ పాఠశాల పదో తరగతి ఫోటో ఉంది. బుల్లెమ్మ గారు గరిట పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, రెండో వరస చివర వేలు పెట్టింది. రెండు జడలు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు. ఇప్పటికీ నువ్వు అలాగే నవ్వుతావు.

"సూర్యకళ. హెడ్మాస్టరు పెట్టిన పేరు," అంది. "పల్లంలో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఊరు ఖాళీ చేసే రోజు వస్తుందనుకున్నాను. సామానంతా ట్రాక్టరెక్కించాక కూడా కాసేపు ఆగమన్నాను. డ్రైవరు విసుక్కున్నాడు."

అమ్మా, నీకెవరూ లేరన్నావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే మాట. "మా అమ్మానాన్నా నా చిన్నప్పుడే పోయారు, హాస్టల్లో పెరిగాను, అంతే." ఆరో తరగతిలో నా వంశవృక్షం బొమ్మకి నీ వైపు అంతా ఖాళీగా ఉంటే ఏడ్చాను. నువ్వు నా పక్కన కూర్చుని ఆ ఖాళీలో పువ్వులు గీశావు.

అంతవరకూ సరేలే అనుకోవచ్చేమో. పెద్దల అమావాస్య సంగతి చెప్పు. పదేళ్ళుగా, తాతగారికి నాన్న విస్తరి వేస్తుంటే, పక్కన చిన్న ఆకు వేసి అమ్మమ్మకి నేను పెట్టేదాన్ని. పులిహోర, గారెలు, పరవాన్నం. ఆవిడకి ఏం ఇష్టమో అని నిన్నడిగితే, అన్నీ ఇష్టమే అన్నావు. కాకి వచ్చి ముట్టే దాకా ఎండలో నిలబడేదాన్ని. ముడితే, అమ్మమ్మ తినేసింది అని నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఇక్కడికి గంటన్నర బస్సు దూరంలో ఆవిడ గిన్నెలు తోముకుంటూ బతికే ఉంది. బతికున్న మనిషికి నాచేత విస్తరి వేయించావు. వద్దని ఒక్కసారి చెయ్యి పట్టుకుని ఉంటే నాకు కారణం కూడా అక్కర్లేకపోయేది.

నాన్నని అడిగాను. పొలం గట్టు మీదున్నారు కాబట్టి మాట్లాడగలిగారు. పెళ్ళికి నానమ్మ ఒక్క మాట మీద ఒప్పుకుందట. అటు వైపు వాళ్ళెవరూ గుమ్మం తొక్కకూడదు, నువ్వు అటు వెళ్ళకూడదు, పుట్టే పిల్లలకి తెలియకూడదు. "అప్పుడు నాకు ఎదురు చెప్పే ధైర్యం లేదమ్మా. మీ అమ్మే సరేనంది," అన్నారు. నాన్న గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. అయినా ఆయన మీద జాలి కలగలేదు. మీ ముగ్గురికీ తెలుసు. ఆ ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

నానమ్మ మీద కోపం తెచ్చుకోవడం నాకు సులువే. ఆవిడ ఎప్పుడూ అంతే. కానీ ఆవిడ నాకు అబద్ధం చెప్పలేదు, ఆవిడసలు ఏమీ చెప్పలేదు. రోజూ జడ వేస్తూ, అన్నం కలిపి పెడుతూ నాకు అబద్ధం చెప్పింది నువ్వు. నీ మాట అంటే గుడ్డిగా నమ్మేదాన్ని. ఇప్పుడు నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి చూసుకుంటున్నాను. నేను పుట్టినప్పుడు వాన పడిందన్నావు. నిజమేనా? ఇంత చిన్న విషయం కూడా ఇంకొకర్ని అడిగి తెలుసుకోవాలనిపిస్తోంది. మూడు రోజులుగా నా పరిస్థితి ఇది.

ఇక్కడితో ముగించి పోస్టులో వేసేద్దామనుకున్నాను. అలా చేస్తే నేనూ నీలాగే అవుతాను. ఇంకొకటి ఉంది.

ఫోటో చూపించాక ఆవిడ నా మొహం వంక చూసింది. అలా చాలాసేపు చూసి, "మీదే ఊరమ్మా? మీ అమ్మ పేరేంటి?" అని అడిగింది.

నాకు తెలుసు అమ్మా. అప్పటికే నాకంతా తెలిసిపోయింది. భవ్య పక్కన ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. వెనక మా క్లాసు పిల్లలు పది మంది ఉన్నారు. నెత్తి మీద నా బోర్డు ఉంది.

"శ్యామలాంబ అండీ," అన్నాను. నోటికొచ్చింది నానమ్మ పేరు.

"మంచి పేరు," అంది ఆవిడ. స్టవ్ తగ్గించడం రాక ఊరికే దాని వంక చూస్తూ కూర్చుంది. నేను వంగి తగ్గించాను. నేను అలా దగ్గరగా ఉండగా, నాకొక్కదానికే వినబడేట్టు అడిగింది. "మీ అమ్మకి చలికాలం మడమలు పగుల్తాయా?"

"పగుల్తాయండీ. నెత్తురొస్తుంది," అనేశాను. ఆలోచించుకునే వ్యవధి లేకపోయింది.

ఆవిడ తల ఊపింది. వెళ్ళేటప్పుడు కానుగ నూనె సీసా ఒకటి నా చేతిలో పెట్టి, "పడుకునే ముందు రాసుకోమను," అంది. ఎవరినో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్ళ వ్యాను గేటు దాటేదాకా అక్కడే నిలబడ్డాను. పిలవలేదు.

నీకు నానమ్మ షరతు పెట్టింది. అప్పుడు నీకు పందొమ్మిదేళ్ళు, నీ తరఫున మాట్లాడేవాళ్ళు పక్కన లేరు. నాకెవరూ షరతు పెట్టలేదు. పక్కన భవ్య ఉంది, అంతే. నువ్వు ఇరవై ఏళ్ళు మోసిన అబద్ధం నేను ఒక్క నిమిషంలో చెప్పేశాను. నీ మీద కోపంతో రాయడం మొదలుపెట్టి మూడుసార్లు కాగితం చింపింది అందుకే. కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోకు. కాకపోతే ఇప్పుడు అది నా మీద కూడా ఉంది.

నూనె సీసా ఈ ఉత్తరంతో పంపడం లేదు. వచ్చే ఆదివారం ఆ కాలనీకి వెళ్తున్నాను. చిట్టియ్య మాస్టారి దగ్గర దారి కనుక్కున్నాను. భవ్యకి నిన్న అంతా చెప్పేశాను. తోడొస్తానంది, వద్దన్నాను. నువ్వు రావాలని నేను అడగను. రాలేని కారణాలు నీకు చాలా ఉంటాయి, వాటిలో ఏది నిజమో నేను కనిపెట్టలేను.

నేను వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని, మా అమ్మ పేరు శ్యామలాంబ కాదండీ, సూర్యకళ అని చెబుతాను. అప్పుడు ఆవిడ నన్ను ఒకటే అడుగుతుంది, ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు అని. దానికి జవాబు నువ్వే ఇవ్వాలి. శనివారం లోపు రాసి పంపు. నువ్వు ఏం రాస్తే అదే ఆవిడకి చదివి వినిపిస్తాను, ఒక్క అక్షరం మార్చను. అందుకని ఈ ఒక్కసారికి నిజం రాయి.

ఇట్లు,
నీ కూతురు,
దుర్గాశ్రీ