చెల్లెలి చేతి ముద్ద

కార్తీక శుద్ధ విదియ, చీపురుపల్లి

ఛీ! పండగంటేనే రోత పుట్టించారు.

పురాణం చెప్పమని షావుకారు పిలిస్తే వాళ్ళింట భగినీ హస్త భోజనం కథ చెప్పాను. యముడు చెల్లెలు యమున ఇంట తృప్తిగా తిని, "ఏం వరం కావాలమ్మా?" అన్నాడు. అక్కడికొచ్చేసరికి, విస్తరి ముందున్న షావుకారు బావమరిది బ్రేవుమని త్రేన్చాడు. వడ్డిస్తున్న సొంత చెల్లెలి చేతిమీద మొగుడు, ఆ షావుకారే, పెట్టిన వాత వాడికి కనబడింది. చూసి, ఇంకో గారె వెయ్యమన్నాడు.

"అన్నియ్యా, నన్ను మనింటికి తీసుకెళ్లిపో," అందా పిల్ల.

"పండగపూట ఏటే ఈ ఏడుపు? సీర తెచ్చాను కదా, కట్టుకో!"

షావుకారు పకపకా నవ్వాడు. వీళ్ళకంటే యముడు నయం, ఏం కావాలని చెల్లెల్ని అడిగాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆమె ముందు చెయ్యి చాచి, "ఒక ముద్ద పెట్టు తల్లీ," అన్నాను. తిన్నాను. "ఇప్పుడు నేనూ నీ అన్ననే. ఏటి కావాలి?"

ఆమె గరిటె కింద పెట్టి నా వెనకే వచ్చేసింది.

ఇప్పుడు లోపల, మా ఆవిడ పక్కన ఆ పిల్ల పడుకుని ఉంది. తెల్లారితే షావుకారు వాళ్ళు కర్రలతో వస్తారు. చెల్లెలి చేతి ముద్ద తిన్నవాడు అడిగిన వరం ఇవ్వాలని శాస్త్రం చెబుతాను. వినకపోతే... ఏదైతే అదవుతుంది, ముద్ద తిన్నాను కదా.