అక్క గోళ్ళరంగు పూసిన పళ్ళెం

అమ్మా, నేను క్షేమం, నా ఆకలి మరీ క్షేమం.

నువ్వు చెప్పినట్టే పాతసామాన్ల కొట్లో ఎనామిల్ పళ్ళేలన్నీ ప్రిన్సిపాల్ గాంభీర్యంతో గోటితో మోగించి, లోపలి పూత లేచినవి తోసేసి, ఒకటి ఎంచి కొన్నాను. దాని అంచున పెచ్చు ఊడిన చోట ఎర్ర గోళ్ళరంగు పూసి ఉంది. మన పళ్ళెం జారవిడిచి, నీ తిట్లకు జడిసి అక్క పూసింది చూడు, అచ్చం అలాగే.

“పొద్దున ఓ అమ్మాయి ఇచ్చెళ్ళింది. ముక్కు అచ్చు నీదేనయ్యా!” అంది కొట్టావిడ.

నవ్వేశాను. కానీ మూడు రోజులుగా కడుగుతున్నా ఆ రంగు ఆరడం లేదమ్మా, వేలికి అంటుతోంది.

మన పళ్ళెం అలమారలోనే ఉందా? అక్క ఇంట్లోనే ఉందా? వెంటనే రాయి.

నాన్నకు నమస్కారాలు. ఈ కార్డు మూలనున్న ఎర్రటి వేలిముద్ర నాది కాదు. నా వేలు అంత సన్నం కాదు.