కైలాసం పేరున వచ్చిన తారీఖు

తేది: 14-9-1991
ఆరో గని క్వార్టర్లు,
బెల్లంపల్లి రోడ్డు, ఆదిలాబాదు జిల్లా.

కంపెనీ పెద్దాసుపత్రి ముఖ్య వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: టోకెన్ నంబరు 1147 గల కార్మికునికి పేగుల కెమెరా పరీక్ష నిమిత్తం డిసెంబరు 23న ఇచ్చిన తారీఖును ఈ నెల 28కి మార్చుట గురించి, మరియు ఆయన కేసు కాగితంలో రాయించిన అబద్ధమును కొట్టివేయుట గురించి.

సక్కుబాయి అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా, నాకు ఇరవై నాలుగేళ్లు. ఏడో తరగతి దాకా చదివాను. 1147 నంబరు కార్మికుడు నా భర్త. అయినను తమ ఆసుపత్రి వైద్యపు పుస్తకంలో నా పేరు లేదు. ఎందుకు లేదో కింద రాశాను. కోపం వచ్చినా మధ్యలో ఆపక చివరిదాకా చదవగలరు.

1. జూలై నెలలో నలభై ఐదేళ్లు దాటిన కార్మికులందరికీ మల పరీక్ష చేయించారు. మూడు రోజులు మూడు అట్టముక్కల మీద పూసి ఇమ్మన్నారు. కంటికి కనిపించని రక్తం ఉంటే అందులో తెలుస్తుందట. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ అట్టలను గుడ్డలో చుట్టి ఆసుపత్రిలో ఇచ్చి వచ్చింది నేనే. రక్తం ఉన్నదని తేలింది. ఆగస్టు 19న ఆసుపత్రికి విచారణకు రమ్మని చీటీ వచ్చింది. చీటీ మీద పేరు కైలాసం, వయసు 48.

2. నా భర్త వయసు 33. కైలాసం ఆయన అన్న. 1982లో చనిపోయాడు.

3. పై సంగతికి వివరము. మా బావగారు కైలాసం జబ్బు సెలవు మీద ఊరికి పోయి అక్కడే కన్నుమూశాడు. కంపెనీకి ఎవరూ తెలుపలేదు. ఇంట్లో సంపాదించేవారు మరొకరు లేరు. పదకొండో రోజు కాకముందే తమ్ముడు ఆ టోకెను పట్టుకొని, గనిలోకి దిగేవారికి దీపాలిచ్చే గది ముందు వరుసలో నిలబడ్డాడు. గనుల మీద ఇట్లా మారుపేరుతో దిగేవారు ఇంకా ఉన్నారు. వారి సంగతి నేను రాయను.

ఆనాటి నుంచి కాగితాలలో చనిపోయిన మనిషి షిఫ్టుకు పోతున్నాడు, బతికిన మనిషి ఎక్కడా లేడు. వైద్యపు పుస్తకంలో భార్య అని ఉన్నది మా బావగారి భార్య కమలవ్వ. ఆమె తొమ్మిదేళ్లుగా బొట్టు తీయలేదు. ఆయన ఫొటో పెట్టె అడుగున ఉంది, గోడకు ఎక్కలేదు. పెత్రమాసకు మా క్వార్టర్ల లైనులో అందరూ తమ ఇంట్లో పోయినవారి పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు. మేము ఆ ఒక్క పేరు చెప్పం. నేను కాపురానికి వచ్చి ఆరేళ్లయింది. పోస్టుమాన్ వచ్చి "కైలాసం ఉన్నడా?" అని అడిగినప్పుడల్లా "ఉన్నడు" అని నేనే చెబుతున్నాను. చెప్పి లోపలికి వచ్చేటప్పుడు వెనక్కి చూడను.

4. ఆగస్టు 19న నా భర్త వెంట భార్యగా కమలవ్వ వచ్చింది. నేను పొరుగింటి మనిషినని చెప్పి బల్ల చివర కూర్చున్నాను. చీటీలు చూసే దేవదాస్ గారు ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏందవ్వా, నీ మొగడు నీకన్న చిన్నగ కనవడ్తుండు. ఏం తినవెడ్తున్నవ్?" అన్నారు. అక్కడున్నవారు నవ్వారు.

"గని లోపట ఎండ తల్గది గద సారు, వాడిపోడు," అన్నది కమలవ్వ. మళ్లీ నవ్వారు.

తరువాత "కైలాసం!" అని పిలిచారు. కమలవ్వ తన పక్కన కూర్చున్న నా భర్తను చూడలేదు. గబుక్కున తల తిప్పి వరండా ఆ కొసకు చూసింది. ఆమెతో పాటు నేనూ చూశాను. అక్కడ ఎవరూ లేరు.

తెర వెనుక నర్సమ్మ అడిగే మాటలు నాకు వినిపించాయి.

"మీ అవ్వకు, బాపుకు, అన్నదమ్ములకు ఎవ్వలకన్న ఈ పేగుల రోగం ఉండెనా? నెత్తురు పడుడు, బక్కగయ్యుడు?"

"లే."

"అన్నదమ్ములున్నరా?"

"ఒక తమ్ముడుండె," అన్నాడు నా భర్త.

"ఇప్పుడేడున్నడు?"

"యాడికో పోయిండు. జాడ లేదు."

అయ్యా, ఆ తమ్ముని భార్యను నేను బల్ల మీదనే ఉన్నాను.

"ఇంట్ల రోగమున్నోళ్లను ముందుగాల చూస్తరు," అన్నది నర్సమ్మ. "కెమెరా పెట్టి చూసే హైద్రాబాద్ సారు నెలకొక్కదినమే వస్తడు, ఆరుగుర్నే చూస్తడు. మీకెవ్వలకు లేదంటివి. డిసెంబర్ల రా."

ఇందులో నర్సమ్మ తప్పు ఏమియు లేదు. అడగవలసింది అడిగింది.

5. ఇంట్లో ఉన్నది, అయ్యా. కైలాసం ఆ రోగంతోనే పోయాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. ఎనిమిది నెలలు నెత్తురు పడింది. మొలలని అనుకొని ఆకు పసరు తాగించారు. చివరకు కడుపు ఉబ్బింది. బట్టలు ఉతికిన కమలవ్వకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

నా భర్త బెల్టుకు మొన్న మేకుతో రెండో కొత్త బెజ్జం చేసుకున్నాడు. షిఫ్టు దిగి వచ్చి బకెట్ బోర్లించుకొని గోడకు ఆనుకొని, ఎడమ చెయ్యి కడుపు మీద పెట్టి కూర్చుంటున్నాడు. ఒకనాడు అన్నం తెచ్చిన కమలవ్వ ఆయనను వెనుక నుంచి చూసి పళ్లెం జారవిడిచింది. నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, "గట్లనే కూసునేటోడు పిల్లా, గదే జాగల. తొమ్మిదేండ్లసంది పిడికెడు బియ్యం ఇయ్యకపోతిమి. ఆకలికి తమ్మునిల జొచ్చిండు," అన్నది.

"గట్ల గాదక్కా, గది రోగం," అన్నాను. అన్నాను గాని, ఆ గోడ దగ్గర ఊడ్చేటప్పుడు నా చెయ్యి ఆగిపోతుంది.

6. నిజం చెప్పుదామని నా భర్తను ఒక్కసారి అడిగాను.

"నేను కైలాసం కానంటే రేపటిసంది లాంపియ్యరు, గనిల దిగనియ్యరు," అన్నాడు. "క్వార్టర్ ఖాళీ జెయ్యమంటరు. వదినె యాడ వోవాలె? డిసెంబరేమన్న దూరమున్నదా? జర నోరు మూసుకో."

మూసుకున్నాను. ఆయనకు ఎదురు చెప్పడం నాకు రాదు. కనుక తమకు రాస్తున్నాను. ఈ అర్జీ సంగతి ఆయనకు తెలియదు.

ఒకటి మాత్రం మనవి. సొంత పేరు, సొంత వయసు మీద ఉంటే ఆ అట్టముక్కలు మా ఇంటికి వచ్చేవే కావు. పోయిన మనిషి వయసు వలననే ఈయన రక్తం బయటపడింది. బావగారు ఇంతదాకా తీసుకొచ్చి వదిలాడు. ఇక్కడి నుంచి ఆయన పేరుతో ముందుకు నడవలేము.

7. కావున కేసు కాగితంలో "ఇంట్లో ఎవరికీ లేదు" అన్నచోట "అన్న ఇదే రోగంతో చనిపోయాడు" అని రాయించి, 28వ తేదీన హైదరాబాదు డాక్టరు గారు చూసే ఆరుగురిలో నా భర్తను చేర్చవలెను. వయసు 33 అని దిద్దించవలెను. మారుపేరు నేరమునకు కంపెనీ వారు ఆయనను పనిలోనుంచి తీసివేయదలచినచో, దయచేసి కెమెరా పరీక్ష, ఆ పిమ్మట కావలసిన వైద్యము ముగిసినాక తీసివేయగలరు. ముందుగా తీసివేస్తే ఆసుపత్రిలోకి రానివ్వరు.

కమలవ్వకు ఇదంతా చదివి వినిపించాను. "రాసినవు గద, ఇంక చింపకు. నా బొట్టు నేను తీసేసుకుంట," అని వేలిముద్ర వేసింది. వచ్చే నెల పెత్రమాసకు కైలాసం పేరు చెప్పి బియ్యం ఇస్తాము. లైనంతా వింటే విననీ.

మా మొర ఆలకించి, ఆలస్యము చేయక చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
సక్కుబాయి,
భర్త పేరు: ఎల్లేశం

సాక్షి: కమలవ్వ, కీ.శే. కైలాసం భార్య (వేలిముద్ర)

మళ్లీ రాయునది: భర్త పేరు నేను ఇంతవరకు నోటితో అనలేదు, రాయడం కూడా ఇదే మొదలు. 28న తలుపు దగ్గర ఆ పేరుతోనే పిలిపించండి సారు. ఆయన వెంటనే పలకకపోవచ్చు, తొమ్మిదేళ్లయింది. రాలేదని ఇంకొకరిని పిలవకండి. ఇంకోసారి పిలవండి. అప్పటికీ లేవకపోతే బల్ల చివర నేనుంటాను, నేను పిలుస్తాను.