వరస మీద వరస పడి

డాక్టరమ్మ కుయిస్మానెన్ గారికి నమస్కారాలు.

ఫోనులో నాకు మాట తడబడుతుంది, అందుకే రాస్తున్నాను. మా ఆయన తాయిస్తోని సోమవారం మతిమరుపు వాళ్ల వార్డుకి మార్చకండమ్మా. అక్కడ కంప్యూటర్ ఉండనివ్వరట. ఆయన మతి చెదిరిందని మీకు చెప్పింది నేనే, కానీ అది పొరపాటు.

పక్షవాతంతో మాట పోయాక ఆయన రాతతోనే నాతో మాట్లాడుతున్నాడు. ఆయన చేరిన రేడియో సంఘం వాళ్ల పాత కంప్యూటర్‌కి లైను కలుపుకుని, ఆయన మీ ఆసుపత్రి మంచం మీంచి, నేను ఇంట్లోంచి రాసుకుంటాం. ఈమధ్య ఆయన మాటలు ఒకదాని మీద ఒకటి పడి, తలాతోకా లేకుండా కనిపించాయి. అది చూసే మీకు అలా చెప్పాను.

నిన్న ఆయన మేనకోడలు ఐలా వచ్చి చూసి ఒకటే నవ్వు. "మతి పోయింది మావయ్యకి కాదత్తయ్యా, నీ తెరకి! అక్షరాలు ఇంత లావు చేశావేంటి? వరసకి సగమే పడతాయి. అవతల సంఘం వాళ్ల మిషనుకి ఆ సంగతి తెలీదుగా, పాత కొలతకే రాస్తోంది. మిగిలిందంతా రాసిన దాని మీదే పడుతోంది" అంది. కొత్త కొలత అవతలికి తెలిసేలా లైను తీసేసి మళ్లీ కలిపింది. వరసలన్నీ విడివిడిగా వచ్చాయి.

ఇన్నాళ్లూ ఆయన రాసింది అప్పుడు చదివాను. సౌనా గదిలో ఆవిరిస్నానాల పొయ్యి మూత వేశావా అని అడిగాడు. దాని కింద, "కళ్లలో మందు వేసుకుంటున్నావా? కనపడకపోతే అక్షరాలు పెద్దవి చేసుకోవే పిచ్చిదానా" అని ఉంది.

మతి చెదిరినవాడు ఇలా రాస్తాడా, మీరే చెప్పండి. ఆయన మంచం కదపకండి. సోమవారం సాయంత్రం కూడా కళ్ల మందు సంగతి అడుగుతాడు, నేను జవాబు చెప్పాలి.

తాయిస్తో భార్య