బోటు పాటలో అన్నయ్య చరణం

గిలకలదిండి, గురువారం

చెల్లెమ్మ నాంచారికి, నేను కులాసా. ఫోనులో అడగలేక కార్డు రాస్తున్నాను.

అన్నయ్యవాళ్ల బోటు మునిగిన రోజని నిన్న రేవులో అందరం బోటు పాట పాడుకున్నాం. పోయిన ఒక్కొక్కరికీ ఒక చరణం, ఎవరి మనిషిది ఆ ఇంటివాళ్లే అందుకోవాలి కదా. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. అన్నయ్య వంతు రాగానే అందరూ నా వైపు చూశారు.

"ఏరా, నువ్వు అందుకోకపోతే మీ అన్న బంగార్రాజుని దాటేసి పోవాల్సిందే!" అంది బోటు నడిపే సరంగు భార్య సత్యవతి అత్త.

"దాటొద్దత్తా" అని, రాగం రాక ఉత్త మాటలే చెప్పాను.

"చేపల లెక్క అప్పజెపుతున్నావేంట్రా!" అని నవ్వారు. నేను ఆపలేదు. చివరి పాదం దగ్గర మాత్రం ఆగిపోయాను. అమ్మ దాన్ని ఎప్పుడూ ఏడుస్తూనే పాడేది. ఆ మాటలేమిటో ఎవరికీ తెలియదట. కాసేపు చూసి తరవాతి చరణానికి వెళ్లిపోయారు.

నువ్వు అమ్మ పక్కనే కూర్చునేదానివి. నీకేమైనా వినపడిందా? వెంటనే రాయి.

బావ నడుంనొప్పి తగ్గిందా? ఎండు మెత్తళ్లు గుడివాడ బస్సులో పంపుతాను, తీసుకో. పిల్లలకు నా దీవెనలు. వచ్చే ఏడు తప్పకుండా రా. నేను మాటలు చెప్తాను, నువ్వు పాడుదువుగాని.

నీ చిన్నన్నయ్య,
వెంకటరమణ