ఈల వేస్తే వీధిలోకి

పూజ్యులైన వదినగారికి మీ తమ్ముడి భార్య నమస్కరించి రాసేది.

మీకు ఉత్తరం రాసి ఏళ్ళయింది. ఫోన్ చేద్దామంటే, పొయ్యి దగ్గర ఫోన్ పట్టుకోకూడదని మీ తమ్ముడు ఆంక్ష పెట్టారు. నేను పొయ్యి దగ్గర లేని వేళ ఏదో ఆయనే చెప్పాలి. అందుకే కలం పట్టాను.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో వయసు మళ్ళినవాళ్ళని తీసేస్తున్నారు. కార్మికులకి భద్రత నేర్పే శిక్షకుడిగా పరీక్ష నెగ్గితే మాత్రం ఈయన్ని ఉంచుతారట. పాపం, ఆ చదువులో మునిగిపోయారు. నిన్న నేను వంటలో ఉండగా ఈల వేసి, నన్ను వీధిలో నిలబెట్టారు. చాలాసేపటిదాకా లోపలికి రానివ్వలేదు.

దేవుడి దయవల్ల మిగతా అంతా క్షేమం.

తా.క.: పొయ్యి ఆర్పడం ఇద్దరం మరిచిపోయాం. కూర మాడింది. తన పుస్తకంలో ‘ప్రమాదానికి కారణం’ అన్నచోట నా పేరు రాసుకున్నారు.

* * *

మరదలికి ఆశీస్సులు.

పరీక్షా గిరీక్షా అంటూ వాణ్ణి వెనకేసుకురాకు. పెళ్ళాన్ని వీధిలో నిలబెట్టే చదువు ఏ బళ్ళో చెబుతున్నారే? వాడి ముక్కు తుడిచి పెంచినదాన్ని, నాకు తెలీదా వాడి సంగతి! నిజం చెప్పు, చెయ్యి కూడా చేసుకుంటున్నాడా?

ఇట్లు, మీ వదిన.

తా.క.: వేళకి తింటున్నాడా?

* * *

వదినగారికి నమస్కారాలు.

అయ్యో, అంత మాట అనకండి. మొన్న నన్ను నేలమీద పడుకోబెట్టి, రెండు చేతులతో గుండె మీద నొక్కారు, అంతే. ఆగిన ప్రాణం తిరిగి పోసే పద్ధతట. పక్కటెముక ఇంకా కలుక్కుమంటోంది. దేవుడి ముందు కళ్ళు మూసుకోవాలన్నా, దీపం దగ్గర ఒకరు కాపలా ఉండాలంటున్నారు. అంతకుమించి నాకే కష్టమూ లేదు.

మీ మరదలు.

తా.క.: మీరొచ్చినప్పుడల్లా ‘నడుం విరిచే బరువు’ వస్తుందని ఆ పుస్తకంలోనే రాసుకున్నారు. మీరు మోసుకొచ్చే ఇనప్పెట్టె గురించే అయ్యుంటుంది. నేను అడగలేదు.

* * *

మరదలా!

పక్కటెముక విరగ్గొట్టి, దణ్ణం కూడా పెట్టుకోనివ్వక, పైగా నన్ను బరువంటాడా? మీ మేనేజరుకి అంతా పూసగుచ్చినట్టు రాసి పడేశాను, ఈలతో సహా. నువ్వేం భయపడకు.

మీ వదిన.

తా.క.: వాడి ఉద్యోగానికేం కాదుగా?

* * *

వదినగారికి వెయ్యి నమస్కారాలు.

మీ ఉత్తరం మేనేజరుకి అందింది సరిగ్గా పరీక్ష నాడే. వెంటనే నన్ను ఫ్యాక్టరీ పై అంతస్తులో పరీక్ష జరిగే హాలుకి పిలిపించారు. ‘అత్యవసర ద్వారం’ అని ఎర్రక్షరాలు రాసిన తలుపుకి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మీ తమ్ముడు “నడిచేటప్పుడు కింద చూసుకోవాలి” అంటూ, పరీక్షకుల వైపు చూస్తూ నడిచి, మైకు తీగ తట్టుకుని బోర్లా పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. మందుల పెట్టెకి తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. ఎవరిదో రుమాలు కట్టి ఆయన్ని బయటికి నడిపించుకెళ్ళారు.

పరీక్షకులు కాగితాలు సర్దేసుకుంటుంటే మేనేజరు మీ ఉత్తరం పైకి చదివారు.

“నిజమేనా అమ్మా? ఈల వేసి బయటికి తరుముతాడా?”

“తరుముతారండీ.”

“వంట సగంలో ఉన్నా?”

“స్నానం సగంలో ఉన్నా సరేనండీ.”

పెద్ద పరీక్షకుడు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “భద్రత కోసం ఇంట్లోవాళ్ళని కూడా వదలకుండా ఇంత హింస పెట్టినవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు. నెగ్గించేయండి!” అన్నారు. ఆ అట్టపెట్టెల మీదే కాగితం పెట్టి సంతకం చేశారు.

మీ మేలు మరవలేని మీ మరదలు.

తా.క.: తన ఉపన్యాసం విని నెగ్గించారని ఆయన కుంటుతూనే ఇల్లంతా ఛాతీ విరుచుకు తిరుగుతున్నారు. కాదని చెప్పే పాపం నాకొద్దు. ఈ ఉత్తరాలు పారేయక దాచుకోండి వదినగారూ. ఆయనకి మాత్రం చూపించకండి.